ఓటి మద్దెల ఎవరిది?

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పని చేయలేనివారే నెట్‌వర్క్ చెడిపోయిందని సాకులు చెపుతున్నారని యాజమాన్యాలు ఇటీవల ఒక కొత్త పల్లవి ఎత్తుకున్నాయి. ఒక సంస్థలోనైతే ఈ అర్థం వచ్చే సర్క్యులరే వెలువడింది. కంప్యూటరు సంబంధం తెగిపోవడాన్ని పని ఆలస్యానికి కారణంగా ఇకపై అంగీకరించబోమనీ, ఆ ఆలస్యాన్ని సిబ్బంది వ్యక్తిగత వైఫల్యంగానే లెక్కగడతామనీ దాని సారాంశం. సంస్థ పేరు ఇక్కడ ముఖ్యం కాదు. ఇటువంటి సర్క్యులర్లు ఒకదాన్ని చూచి మరొకటి పుడతాయి. అందుచేత ఈ వాదాన్ని మొగ్గలోనే ఎదుర్కొనక తప్పదు. మద్దెల నిజంగానే ఓటిది. దానిని కొన్నది ఎవరు, బిగించనిది ఎవరు, ఓటిదని తెలిసి కూడా వాయించమన్నది ఎవరు అన్నదే ప్రశ్న.

ఒకప్పుడు ప్రతి పెద్ద కార్యాలయంలోనూ రికార్డు గది ఉండేది. ఫైళ్ళు అక్కడ ఉండేవి, తాళం రికార్డు కీపరు దగ్గర ఉండేది. తలుపు తుప్పుపట్టి తెరుచుకోకపోతే వడ్రంగిని పిలిచేవారు. అంతేగాని, ఫైలు తేలేదని గుమాస్తాకు మెమో ఇచ్చిన అధికారిని మేము ఎరుగము. నేడు ఆ రికార్డు గది స్థానంలో ఉమ్మడి డ్రైవు వచ్చింది. ఎక్కడో ఒక గదిలో ఉన్న సర్వరులోనో, ఒక చిన్న నిల్వ పెట్టెలోనో ఫైళ్ళన్నీ ఉంటాయి. గుమాస్తా ముందున్న కంప్యూటరులో అది జెడ్ డ్రైవు అనో, వై డ్రైవు అనో ఒక అక్షరం రూపంలో కనిపిస్తుంది. ఆ అక్షరం మీద ఎర్రని ఇంటూ గుర్తు పడిననాడు కార్యాలయం మొత్తం స్తంభించిపోతుంది. తలుపు తుప్పుపట్టడం మారలేదు. మారినదల్లా ఒక్కటే, ఇప్పుడు వడ్రంగిని పిలవడానికి బదులు గుమాస్తాను సంజాయిషీ అడుగుతున్నారు.

ఈ తలుపు ఎందుకు తెరుచుకోదో తెలియనంత కాలం మనం ఆ సంజాయిషీకి సరైన సమాధానం వ్రాయలేము. కనుక ఈ వ్యాసంలో కొంత సాంకేతిక విషయం చెప్పక తప్పదు. పాఠకులు విసుగు చెందవద్దని మనవి. ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యే బ్రహ్మవిద్య ఇందులో ఏదీ లేదు. అలా ఉన్నదని నమ్మించడంలోనే యాజమాన్యాల బలమంతా ఉన్నది.

తెర మీద కనిపించే ప్రతి వైఫల్యానికీ ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యే సాక్షి. 53 అని వచ్చినా, 80070035 అని చివరగల సంకేతం వచ్చినా, నెట్‌వర్క్ మార్గం కనబడలేదని అర్థం. అంటే గుమాస్తా కంప్యూటరు ఆ సర్వరు వరకు చేరనేలేదు. కేబులు ఊడి ఉండవచ్చు, స్విచ్చి చెడి ఉండవచ్చు, సర్వరే ఆగిపోయి ఉండవచ్చు, పేరును చిరునామాగా మార్చే ఏర్పాటు తప్పి ఉండవచ్చు, లేక మధ్యలో ఫైర్‌వాల్ 445 అనే ద్వారాన్ని మూసి ఉండవచ్చు. 67 వస్తే సర్వరు దొరికింది గాని ఆ పేరుగల ఫోల్డరు అక్కడ లేదని అర్థం. ఎవరో పేరు మార్చారు, చెప్పలేదు. 5 వస్తే ప్రవేశానికి అనుమతి లేదని అర్థం. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చినా కంప్యూటరులో అనుమతులు మారని ఉద్యోగులందరికీ ఈ సంఖ్య పరిచయమే. 1219 వస్తే, అదే సర్వరుకు అదే కంప్యూటరు నుండి వేరొక పేరుతో ఇంతకుముందే సంబంధం ఏర్పడి ఉన్నదని అర్థం. ఒక కుర్చీలో ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టే కార్యాలయాలలో ఇది తరచుగా వస్తుంది. ఇందులో ఏ ఒక్కటీ గుమాస్తా సోమరితనానికి సంకేతం కాదు.

అన్నింటికంటె 71 అనే సంఖ్య గురించి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. ఈ సమయంలో ఈ కంప్యూటరు ఇంతకంటె ఎక్కువ సంబంధాలను స్వీకరించలేదని దీని భావం. సర్వరు అనే పేరు పెట్టి చాలా కార్యాలయాలలో నడుపుతున్నది నిజానికి సర్వరు కాదు. అది బల్ల మీద ఉండే మామూలు కంప్యూటరే. అందులో ఒక ఫోల్డరును పంచి, ఇదే మన సర్వరు అని ప్రకటించారు. విండోస్ 10, విండోస్ 11 లైసెన్సు షరతుల ప్రకారం అటువంటి కంప్యూటరులోని ఫైళ్ళను 20 పరికరాలకు మించి వాడరాదు. ఎక్స్‌పి ప్రొఫెషనల్ కాలంలో ఈ పరిమితి 10 మాత్రమే. అంతకంటె ఎక్కువ మందికి కావాలంటే సర్వరు కూర్పు కొనాలి, దాని లైసెన్సులకు డబ్బు చెల్లించాలి. డబ్బు చెల్లించడం ఇష్టంలేని యాజమాన్యం 30 మంది పనిచేసే విభాగాన్ని 20 మంది పట్టే గదిలోకి తోలుతున్నది. స్కానరు కూడా అందులో ఒక చోటు ఆక్రమిస్తుందన్న సంగతి సైతం ఎవరూ లెక్కించరు.

ఇక్కడే అసలు దగా ఉన్నది. పదిహేను నిమిషాల పాటు కదలిక లేని సంబంధాన్ని ఆ కంప్యూటరు తనంతట తానే తెంచివేస్తుంది, ఏ ఫైలూ తెరిచి ఉండకపోతే. అంటే పది గంటలకు ఇరవై ఒకటవ వ్యక్తికి తలుపు మూసుకుంటుంది. పదకొండు గంటలకు ముందువారిలో ఎవరో టీ తాగడానికి వెళితే అదే తలుపు తెరుచుకుంటుంది. గుమాస్తా ఫిర్యాదు చేసినప్పుడు మూసి ఉన్న తలుపు అధికారి వచ్చి చూచేసరికి తెరుచుకొని ఉంటుంది. బాగానే పనిచేస్తున్నదే, అంటాడు అధికారి. ఆ ఒక్క మాటతో నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు. ఈ విధంగా కూర్చిన లోపం రోజూ వేర్వేరు వ్యక్తుల మీద పడుతుంది, ఒక్కొక్కరినీ ఒంటరిని చేస్తుంది. ఎవరికివారు తమ కంప్యూటరే చెడ్డదనుకుంటారు. పదిమంది కలిసి తేదీలు, వేళలు, సంఖ్యలు ఒకచోట వ్రాసి చూచుకుంటే తప్ప అసలు విషయం బయటపడదు. లైసెన్సులో మిగిల్చిన డబ్బును జమాఖర్చుల పట్టికలో పొదుపు అంటున్నారు. ఆ పొదుపుకు మూల్యం ఇరవై ఒకటవ ఉద్యోగి వార్షిక నివేదికలో చెల్లిస్తున్నాడు.

ఆ పదిహేను నిమిషాల నియమం వల్లనే మరొక అపోహ కూడా వ్యాపించింది. పని ఆపి కొంతసేపు కూర్చుంటే డ్రైవు మీద ఎర్ర గుర్తు పడుతుంది, కాబట్టి ఎర్ర గుర్తు పడితే ఆ ఉద్యోగి పని చేయడం లేదని కొందరు అధికారులు లెక్కలు కడుతున్నారు. పని చేయడమంటే జెడ్ డ్రైవును నొక్కుతూ ఉండడమేనా? ప్రజలకు సమాధానం చెప్పడం, కాగితాలు సరిచూడడం, ఉత్తరం చేతితో వ్రాయడం పని కాదా? అలా తెగిన సంబంధం మామూలుగా మళ్ళీ నొక్కగానే అతుక్కుంటుంది. అతుక్కోకపోతే దానికి వేరే కారణం ఉన్నది, వెతకాలి.

ఉదయం కంప్యూటరు తెరవగానే డ్రైవులు కలవలేదన్న సందేశం రావడం సర్వసాధారణమైపోయింది. నెట్‌వర్క్ ఇంకా సిద్ధం కాకముందే యంత్రం డ్రైవు కోసం వెతకడం దీనికి ఒక కారణం. 2018లో విడుదలైన విండోస్ 10 కూర్పు ఒకదానిలో ఇది ఎంత ఎక్కువైనదంటే, మైక్రోసాఫ్ట్ సంస్థే లోపాన్ని అంగీకరించి తాత్కాలిక మార్గం సూచించింది. నెట్‌వర్క్ సిద్ధమయ్యేవరకు ఆగమని యంత్రానికి చెప్పే అమరిక ఒకటి ఉన్నది. నిర్వాహకుడు ఒక్కసారి దానిని పెడితే చాలు. ఆ ఒక్క పని చేయించకుండా, అరగంట ముందే వచ్చి కంప్యూటరు తెరిచి ఉంచండని సిబ్బందికి మౌఖికంగా చెప్పే అధికారులున్నారు. జీతం లేని అరగంట అన్నమాట!

ఇక 2017 నాటి కథ. ఉమ్మడి డ్రైవులన్నీ ఎస్‌ఎంబి అనే భాషలో మాట్లాడుకుంటాయి. 1980లలో ఐబిఎం సంస్థలో పుట్టిన ఆ భాష మొదటి కూర్పు భద్రత లేనిది. దానిని వదిలివేయాలని మైక్రోసాఫ్ట్ ఎన్నో ఏళ్ళుగా చెపుతూ వచ్చింది. 2017 మార్చి 14న అందులోని ఘోరమైన లోపానికి సవరణ కూడా విడుదల చేసింది. దాదాపు రెండు నెలలకు, మే 12న, వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని, పశ్చిమ బెంగాల్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు కొన్ని దాని వాత పడ్డాయి. మందు రెండు నెలల ముందే బజారులో ఉన్నది. వేయించవలసిన బాధ్యత ఎవరిది? ఠాణాలో ఫిర్యాదులు వ్రాసుకునే కానిస్టేబుల్‌దా?

ఆ సంవత్సరం అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి ఆ పాత భాషను అప్రమేయంగా తొలగించడం మొదలైంది. అది సరైన చర్యే. అయితే పాత నిల్వ పెట్టెలు, పాత స్కానర్లు ఆ భాష ఒక్కటే ఎరుగును. వాటిని మార్చకుండా కంప్యూటర్లను మాత్రమే మార్చిన కార్యాలయాలలో నిన్నటిదాకా తెరుచుకున్న డ్రైవు నేడు తెరుచుకోలేదు. ఆ తరువాత పేరు, పాస్‌వర్డు అడగకుండా అతిథిగా లోపలికి అనుమతించే పద్ధతికి కూడా తెరదించారు. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కూర్పు ప్రతి సంభాషణకూ సంతకం ఉండితీరాలని నియమం పెట్టింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. గడువు ఎప్పుడు ముగియనున్నదో ఏళ్ళ ముందునుండే ప్రకటించి ఉన్నది. అయినా చివరి వారాలలో హడావుడిగా కంప్యూటర్లు మార్చి, పాత నిల్వ పెట్టెను అలాగే ఉంచి, మరునాడు డ్రైవు తెరుచుకోలేదని సిబ్బంది మొరపెట్టుకుంటే కొత్త కంప్యూటరు వాడడం మీకు చేతకాదని ఎద్దేవా చేయడం ఏ న్యాయం?

ఇటువంటి వేళ కొందరు అధికారులు దొడ్డిదారి ఒకటి చూపుతారు. తొలగించిన పాత భాషను మళ్ళీ పెట్టమంటారు, ఫైర్‌వాల్ ఆపమంటారు, సంతకం అక్కరలేదని అమర్చమంటారు. నోటిమాటగా చెపుతారు, కాగితం మీద పెట్టరు. మా సలహా నిష్కర్షగా చెపుతున్నాము, వ్రాతపూర్వకమైన ఆదేశం లేనిదే ఏ ఉద్యోగీ ఈ పనులు చేయరాదు. రేపు మరొక వానాక్రై వస్తే, మొదట వెతికేది తలుపు తీసిన చేతి వేలిముద్రల కోసమే. నోటిమాటకు వేలిముద్రలుండవు.

పాస్‌వర్డుల సంగతి మరీ విచిత్రం. తొంబై రోజులకొకసారి మార్చాలని నియమం పెట్టిన కార్యాలయాలున్నాయి. ఉద్యోగి నియమం పాటించి మారుస్తాడు. కాని కంప్యూటరు తన జ్ఞాపకంలో దాచుకున్న పాత పాస్‌వర్డునే సర్వరుకు పదేపదే సమర్పిస్తూ ఉంటుంది. 1326 అని తిరస్కారం వస్తుంది. కొన్ని ప్రయత్నాల తరువాత 1909 అని, అంటే ఖాతాకు తాళం పడిందని వస్తుంది. నియమం పాటించినవాడు బయట, పాటించనివాడు లోపల! కంప్యూటరులో ఆధారాలు దాచే చోటు ఒకటి ఉన్నది. అక్కడ పాతదాన్ని తొలగించి కొత్తది ఇస్తే రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల పని నేర్పడానికి శిక్షణా తరగతి పెట్టని యాజమాన్యం, తాళం పడినందుకు మాత్రం భద్రతా నియమాల ఉల్లంఘన అని నోటీసు ఇస్తుంది. తాళం పడిన సోదరునికి పక్క కుర్చీలోని సోదరి జాలిపడి తన పాస్‌వర్డు ఇస్తుంది. దానితో ఇద్దరిపైనా చార్జిషీటు. దయచేసి ఎవరి పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వవద్దు. సాటి ఉద్యోగిపై ప్రేమను చూపించే మార్గాలు యూనియన్‌లో ఎన్నో ఉన్నాయి.

గడియారం వల్ల కూడా తలుపు మూసుకుంటుంది. పెద్ద కార్యాలయాలలో గుర్తింపు పరిశీలించే కెర్బరోస్ అనే పద్ధతి, రెండు యంత్రాల గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే మామూలుగా గుర్తింపును నిరాకరిస్తుంది. 1398 అనే సంఖ్య ఆ తేడానే సూచిస్తుంది. కంప్యూటరు లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం తప్పుతుంది. ఈ చిన్న సంగతిని ఇంత ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉన్నది. 2022 ఏప్రిల్ 28న భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, అంటే సెర్ట్-ఇన్, కొన్ని ఆదేశాలు జారీచేసింది. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ యంత్రాల గడియారాలను జాతీయ ప్రమాణ కాలంతో సరిచూచుకోవాలనీ, తమ కంప్యూటరు వ్యవస్థల లాగులను, అనగా యంత్రం తనంతట తానే వ్రాసుకునే దినచర్యను, 180 రోజులపాటు భద్రపరచాలనీ అందులో ఉన్నది. అంటే ఏ రోజు ఏ వేళకు ఏ కంప్యూటరుకు సర్వరు తలుపు మూసిందో యాజమాన్యం చేతిలోనే నమోదై ఉండాలి. గుమాస్తా సాకు చెపుతున్నాడని ఆరోపించేవారు ఆ దినచర్యను ఎందుకు బయటపెట్టరు? హాజరు నిమిషాలతో సహా తీసి చూపగలిగిన యాజమాన్యానికి సర్వరు ఆగిపోయిన గంటలు మాత్రం దొరకవా?

ఇవన్నీ అతిశయోక్తులనుకునేవారు బ్రిటిష్ తపాలా శాఖ వృత్తాంతం తెలుసుకోవాలి. అక్కడ 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థను తపాలా కార్యాలయాలలో ప్రవేశపెట్టారు. లెక్కలో డబ్బు తగ్గినట్లు తెర చూపితే, తెర అబద్ధమాడదనీ, మనిషే దొంగ అనీ నిర్ణయించారు. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు శిక్షలు పొందారు. వారిలో భారత సంతతివారు కూడా ఉన్నారు. కొందరు జైలుకు వెళ్ళారు, కొందరు ఇళ్ళు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫిర్యాదు చేసిన ప్రతివారికీ, ఇటువంటి సమస్య మీకొక్కరికే వచ్చిందని చెప్పారట! 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తీర్పు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఒక్కరోజున 39 మంది శిక్షలను రద్దుచేసింది. చివరకు 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మిగిలిన శిక్షలను మూకుమ్మడిగా కొట్టివేయవలసి వచ్చింది. జెడ్ డ్రైవు ఎర్ర గుర్తుకూ ఆ మహా అన్యాయానికీ పరిమాణంలో పోలిక లేదు, నిజమే. కాని పునాది ఒక్కటే. యంత్రం తప్పు చేయదనే ఊహతో విచారణ ప్రారంభిస్తే, తప్పు చేసినవాడుగా మిగిలేది మనిషే. "మీకొక్కరికే" అన్న ఆ మాటను మన కార్యాలయాలలో ఎందరు వినలేదు?

మన దేశంలో చట్టం ఆ ఊహను అంత సులువుగా ఒప్పుకోదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ విభాగం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపాలంటే, ఆ కాలంలో కంప్యూటరు సక్రమంగా పనిచేసిందని, లేక దాని లోపం ఆ రికార్డును ప్రభావితం చేయలేదని చూపి, ధ్రువపత్రం జతచేయాలి. దీనికి ముందున్న 1872 నాటి చట్టం 65బి విభాగంలోనూ ఈ షరతులే ఉండేవి. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టం యథాతథంగా వర్తించదని యాజమాన్య న్యాయవాదులు అంటారు. కావచ్చు. సహజ న్యాయసూత్రాలు వర్తిస్తాయి కదా! యంత్రం సక్రమంగా ఉన్నదని ఎవరు ధ్రువీకరించారని అడిగే హక్కు ఏ విచారణలోనైనా ఉన్నది. జీతంలో కోత విషయం కూడా అంతే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ సైతం, నష్టం పేరిట కోత విధించాలంటే అది నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో తప్పిదం వల్లనో కలిగినదై ఉండాలనీ, కోతకు ముందు అతని సంజాయిషీ వినితీరాలనీ చెపుతున్నది. కోడ్ల మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు వేరే చర్చ. ప్రభుత్వ కార్యాలయాల సోదరులకు సర్వీసు నిబంధనలు వేరుగా ఉన్నాయి. ఏమైనా, సర్వరు పడిపోయిన రోజుకు సగం జీతం కోస్తామనే బెదిరింపు కాగితం మీదికి వస్తే దానిని ఎదుర్కొనడానికి ఆధారాలు మన చేతిలో ఉన్నాయి.

కంప్యూటరంటే యూనియన్లకు మొదటినుండీ గిట్టదనే పాత నిందను ఈ సందర్భంలో మళ్ళీ తవ్వి తీస్తున్నారు. 1960లలో కలకత్తాలోని ఇలాకో హౌస్ ముందు ఎల్‌ఐసి ఉద్యోగులు రాత్రింబవళ్ళు కాపలా కాసినది ఇనుప పెట్టె మీద పగతో కాదు, తమ తరువాతివారి ఉద్యోగాల కోసం. 1983లో బ్యాంకు యాజమాన్యాలతో కంప్యూటరీకరణపై ఒప్పందం చేసుకున్నది కూడా బ్యాంకు ఉద్యోగుల సంఘాలే. యంత్రం వద్దన్నవారు యంత్రం ఎన్ని, ఎక్కడ, ఏ షరతుల మీద అని కూర్చొని బేరమాడరు. ఆనాడు యంత్రం వస్తే ఉద్యోగి పోతాడేమోనన్నది ప్రధాన చర్చ. నేడు యంత్రం ఆగితే ఎవరు జవాబుదారీ అన్నది చర్చకు రావాలి. యంత్రం బాగా పనిచేయాలని పట్టుబడుతున్నది నేడు మనమే. ఓటి మద్దెలతో సరిపెట్టుకోమంటున్నది వారు.

మన శ్రేణులలోని ఒక బలహీనతను గురించి కూడా చెప్పవలసి ఉన్నది. డ్రైవు తెరుచుకోనప్పుడు మన ఆగ్రహం చాలాసార్లు ఆ కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చే కుర్రవాని మీద పడుతున్నది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమే ఇది. అతను ఎవరు? కాంట్రాక్టరు పంపిన మనిషి. ఐదారు కార్యాలయాలకు ఒక్కడే. మోటారు సైకిలు పెట్రోలు తన జేబులోనిది. సర్వరు పాస్‌వర్డు అతనికి ఇవ్వరు, సర్వరు బాగుచేయమంటారు. ఫిర్యాదును ఇన్ని గంటలలో మూసివేయాలని అతనికి గడువు. మూసివేయకపోతే కాంట్రాక్టరు బిల్లులో కోత, ఆ కోత అతని జీతంలో. అందుకే అతను సమస్య తీరకముందే తీరిందని వ్రాసి ఫిర్యాదు మూసివేస్తాడు. మనం అతనిని అబద్ధాలకోరు అంటాము, మన అధికారి మనలను అబద్ధాలకోరులంటాడు. ఇద్దరమూ ఒకే టెండరు బాధితులం. అతనిని మన యూనియన్‌లో చేర్చుకోవాలి, అతని వేతనం గురించి మన డిమాండు పత్రంలో ఉండాలి. సర్వరు గదిలో నిజంగా ఏమున్నదో మనకు చెప్పగలిగినవాడు అతనొక్కడే.

ఇక రేపు ఉదయం ఎర్ర గుర్తు కనిపిస్తే ఏమి చేయాలి? మొట్టమొదట పక్కవారిని అడగాలి. అందరికీ పోయిందా, ఒక్కరికేనా? అందరికీ పోతే లోపం సర్వరు దగ్గరనో, స్విచ్చి దగ్గరనో ఉన్నది, మీరు చేయగలిగినది ఏమీ లేదు. ఒక్కరికే పోతే కేబులు చూడండి, గడియారం చూడండి. ఇంటి నుండి పనిచేసేవారైతే విపిఎన్ కలిసి ఉన్నదో లేదో చూడండి. సర్వరు పేరుకు బదులు దాని సంఖ్యా చిరునామాతో తెరవండి. అలా తెరుచుకుంటే సర్వరు బాగానే ఉన్నది, పేరును చిరునామాగా మార్చే ఏర్పాటే చెడినదని తేలుతుంది. సాంకేతిక నిపుణుని సమయం ఒక గంట మిగులుతుంది. ఆదేశాలు టైపు చేయడం తెలిసినవారు నెట్ యూజ్ అనే ఆదేశంతో ఏ డ్రైవు కలిసి ఉన్నదో, ఏది తెగి ఉన్నదో చూడవచ్చు. పింగ్‌కు సమాధానం రానంత మాత్రాన సర్వరు చచ్చిందనుకోవద్దు, కొన్నిచోట్ల భద్రత కోసం పింగ్‌కు జవాబు రాకుండా చేస్తారు. ఫైళ్ళను పెన్‌డ్రైవులో వేసుకొని పని సాగిద్దామనే ఉత్సాహం వద్దు. రెండు ప్రతులు తయారవుతాయి, ఏది అసలో తేలదు, పైగా ఫైలు బయటికి తీసుకువెళ్ళాడనే అభియోగం తయారుగా ఉంటుంది.

ఏమి చేసినా చేయకపోయినా వ్రాసిపెట్టడం మాత్రం మానవద్దు. తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా, సంఖ్య, తేదీ, వేళ, ఎవరికి చెప్పారు, ఎప్పుడు తిరిగి కలిసింది, ఎంత పని ఆగింది. సెల్‌ఫోను అనుమతించే చోట తెరను ఫొటో తీయండి, ప్రజల వివరాలేవీ అందులో పడకుండా. అధికారికి నోటిమాటగా చెప్పినదాన్ని రెండు వాక్యాల ఉత్తరంగా వెంటనే పంపండి. ఇరవై ఒకటవ మనిషి రహస్యం బయటపడేది ఈ పుస్తకాలను పక్కపక్కన పెట్టినప్పుడే.

యాజమాన్యాల ముందు మనం పెట్టవలసిన కోరికలు గొంతెమ్మ కోరికలేమీ కావు. ప్రతి విభాగంలో అవాంతరాల రిజిస్టరు ఉండాలి, ప్రతి అవాంతరానికీ కారణం వ్రాతపూర్వకంగా అందులో నమోదు కావాలి. అవాంతరం కాలాన్ని విధినిర్వహణ కాలంగానే పరిగణించాలి, ఆ రోజు లక్ష్యాలను ఆ మేరకు తగ్గించాలి. ఆలస్యంపై మెమో ఇచ్చే ముందు ఆనాటి సర్వరు దినచర్య నకలును ఉద్యోగికి ఇవ్వాలి. వాడేవారి సంఖ్యకు తగిన సర్వరు, లైసెన్సులు కొనాలి. కంప్యూటర్లు మార్చే ముందు వాటితో పాత పెట్టెలు మాట్లాడగలవో లేదో పరీక్షించాలి. నిర్వహణ సిబ్బందిని కాంట్రాక్టరు చేతి నుండి తప్పించి సంస్థ ఉద్యోగులుగా నియమించాలి. వీటిలో చివరిదానికే వారు అన్నింటికంటె ఎక్కువగా బిగుసుకుంటారని మాకు తెలుసు. అందుకే దానిని చివర పెట్టి వదిలివేయవద్దని శాఖలను కోరుతున్నాము. బేరసారాలలో మొదట త్యాగం చేసేది ఎప్పుడూ కాంట్రాక్టు కార్మికుని కోరికే కావడం ఆనవాయితీ కారాదు.

ప్రతి శాఖా ఈ నెల మొదలుకొని మూడు నెలలపాటు తమ విభాగాలలో అవాంతరాల పుస్తకం నడిపి, నకళ్ళను ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. మెమో అందుకున్నవారు సమాధానం వ్రాయడానికి ముందే శాఖా కార్యదర్శిని కలవాలి. సమాధానంలో క్షమాపణ మాట రాయకూడదు. ఆ రోజు, ఆ వేళకు సంబంధించిన సర్వరు లాగు నకలు కావాలని అడిగే వాక్యం మొదటి పంక్తిలోనే ఉండాలి, 180 రోజుల గడువు దాటకముందే ఆ ఉత్తరం చేరి, దానిపై తేదీతో కూడిన అందినట్లు సంతకం తీసుకోవాలి.